పాత ట్రైలర్ మీదికి కొత్త పడవ: చెక్కలు కోసే ముందు కాటా ఎక్కించండి

మీరు అడిగింది ఇదీ: 4.3 మీటర్ల అల్యూమినియం పడవతో వచ్చిన ట్రైలర్ మీ దగ్గర ఉంది. ఆ పడవ అమ్మేసి 5.2 మీటర్ల పాత ఫైబర్‌గ్లాస్ పడవ తీసుకున్నారు, వెనక 90 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజను. ట్రైలర్ మీద పెట్టి చూస్తే పడవ వెనక భాగం 40 సెం.మీ. గాల్లో తేలుతోంది. బంక్‌ల చివర, అంటే పడవ అడుగు ఆనే పొడుగు చెక్కల చివర, ముక్కలు అతికిస్తే చాలదా, లేదంటే పడవనే ఇంకాస్త ముందుకు లాగి కట్టేస్తే పోదా అన్నారు.

రెండూ వద్దు. అతికించిన ముక్క కింద పట్టుకునే బ్రాకెట్ ఉండదు. మొత్తం పడవలో బరువెక్కువ ఉండే చోటు ఆ ముక్క మీదే కూర్చుంటుంది. ఇక పడవను ముందుకు లాగితే బండి హుక్కు మీద బరువు అమాంతం పెరుగుతుంది, పైగా మీ వించ్ స్తంభం, అంటే పడవను పట్టాతో లాగే వించ్ బిగించిన ముందు స్తంభం, అడ్డం రానే వస్తుంది. ఇరవై ఏళ్ల పైబడి ఈ ట్రైలర్లు విప్పడం, బిగించడమే నా పని. ఎదురైన తిప్పలన్నీ దాదాపు ఒకేలాంటివి: పని తెలియక కాదు, వరస తప్పి చేయడం వల్ల. ముందు బరువు తేల్చుకోవాలి. తర్వాత పడవ వెనక భాగానికి ఆధారం. దాన్ని బట్టి ముందున్న వించ్ స్తంభం. అన్నీ కుదిరాక చివరగా యాక్సిల్. చాలామంది వించ్ స్తంభంతో మొదలుపెడతారు, ఎందుకంటే రెండు బోల్టులు వదులు చేస్తే అది కదులుతుంది.

బరువు సంగతి. పడవ కేటలాగులో ఉండేది ఉత్త డొల్ల బరువు. అది 480 కిలోలు అనుకుందాం. ఇంజను 165. ట్యాంకులో 90 లీటర్ల పెట్రోలు దాదాపు 67. రెండు బ్యాటరీలు 45. లంగరు, గొలుసు, తాళ్లు 25. లైఫ్ జాకెట్లు, గాలాల పెట్టె, పనిముట్లు, ఐసు పెట్టె అన్నీ కలిపి 60. మొత్తం 842. ట్రైలర్ సొంత బరువు ఒక 280 వేసుకుంటే 1122 కిలోలు. కాగితం మీద లెక్క ఇది. ఇదే పడవను నిజంగా కాటా ఎక్కిస్తే 1200 చూపించినా నేను ఆశ్చర్యపోను. పాత ఫైబర్‌గ్లాస్ పడవల్లో నేల కింద నింపిన ఫోమ్ ఏళ్ల తరబడి నీళ్లు పీల్చుకుని ఉంటుంది. ఒకసారి ఒక పడవ నేల కోసి చూస్తే ఫోమ్ పిండితే నీళ్లు కారే స్థితిలో ఉంది, యజమానికి ఆ బరువు మోస్తున్నట్టే తెలియదు. అందుకే కాటా చీటీ చేతిలో లేకుండా పానా పట్టుకోవద్దంటాను. ట్యాంకు నింపి, సామాను అంతా వేసి తూయించండి.

మీ ట్రైలర్ ప్లేటు మీద, అంటే తన బరువుతో కలిపి మొత్తం ఎంత దాకా ఉండొచ్చో చెప్పే రేకు మీద, ఎంత ఉందో మీరు రాయలేదు. 4.3 మీటర్ల అల్యూమినియం పడవలకు వచ్చేవి చాలావరకు 750 కిలోల తరగతి ట్రైలర్లే. మీదీ అదే అయితే మిగతాది చదవక్కర్లేదు, దాన్ని అమ్మేసి తగినది చూసుకోండి. గట్టి యాక్సిల్ వేయిస్తే పోదా అనకండి. యాక్సిల్ మారిస్తే యాక్సిల్ ఒక్కటే గట్టిపడుతుంది. ఛాసిస్, డ్రాబార్ (ముందుకు పొడుచుకొచ్చే లాగుడు దూలం), కప్లింగ్ (బండి హుక్కుకు తగిలే దాని కొస), హబ్‌లు (చక్రాల నడిమి భాగాలు) పాతవే. వీటన్నిటిలో అన్నిటికన్నా తక్కువ మోసేది ఏదో, ట్రైలర్ మొత్తం శక్తి అంతే.

ప్లేటు మీద 1400 అని ఉందనుకుని ముందుకు వెళ్దాం. అప్పుడు కూడా టైర్లు చూడండి. టైరు పక్కన సైజు తర్వాత ఉండే రెండు లేదా మూడంకెల సంఖ్య ఆ టైరు ఎంత మోస్తుందో చెప్పే సూచిక. 91 అంటే 615 కిలోలు, 96 అంటే 710, 100 అంటే 800. వెనకటి యజమాని పాత టైర్లు పాడయ్యాక చవకలో 91వి వేశాడనుకోండి, రెండూ కలిపి మోసేది 1230. మీ 1200 కిలోల ట్రైలర్‌కు ఒక గోతిలో పడేంత జాగా కూడా మిగల్లేదు. ప్లేటు మాత్రం 1400 అనే చెబుతూ ఉంటుంది. టైరు మీదే నాలుగంకెల తేదీ కూడా ఉంటుంది. 2318 అంటే 2018లో 23వ వారం. పడవ ట్రైలర్ టైర్లు అరిగి పోవు, నిలబడి నిలబడి ఎండకు పగిలి పోతాయి. గాడి ఎంత లోతుగా ఉన్నా తేదీ పాతదైతే మార్చేయండి. మొత్తం మీద ప్లేటు అంకెలో 15 శాతం ఖాళీ ఉంచుకోవడం నా అలవాటు. 1400కి 1190. మీరు సరిగ్గా అంచు మీద ఉన్నారు, ఐసు పెట్టె ఇంట్లో పెట్టి రండి.

ఇప్పుడు పడవ వెనక భాగం. ట్రాన్సమ్, అంటే ఇంజను తగిలించే వెనక పలక, బంక్ చెక్కల చివరతో సమంగా ఉండాలి. చెక్క ఒకటి రెండు సెం.మీ. బయటికి వచ్చినా తప్పులేదు, లోపలికి మాత్రం పోకూడదు. మీది 40 సెం.మీ. లోపలికి ఉంది. ఆ స్థితిలో 165 కిలోల ఇంజను గతుకు గతుక్కీ వెనక పలకను కిందికి లాగుతుంటే చెక్క చివర అడుగును పైకి నొక్కుతుంది. కొన్నాళ్లకు అక్కడ ఫైబర్ వంగి అడుగు లోపలికి గుంటగా మారుతుంది. దీన్నే హుక్ అంటారు. టార్చి పడవ అడుగుకు ఆనించి వెనక నుంచి దాని వెంబడి వెలుతురు వేస్తే గుంట నీడ కనిపిస్తుంది, పొడుగాటి అల్యూమినియం పట్టీ ఆనించి చూస్తే సందు కనిపిస్తుంది. హుక్ పడ్డ పడవ నీళ్లలో ముక్కు కిందికి వేసుకుని పరిగెడుతుంది, వేగం తగ్గుతుంది. ఇంజను సర్వీసింగులు చేయించి, ప్రొపెల్లర్లు మార్చి, చివరికి అసలు దోషం ట్రైలర్‌దని తెలుసుకున్నవాళ్లు ఉన్నారు. మీ పడవ పాతదన్నారు కదా, కొన్నప్పుడే హుక్ ఉందేమో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

కాబట్టి చెక్కలు మొత్తం కొత్తవి, ఒకే ముక్కగా, వేయండి. ఎక్కడ ఆనాలన్నది ముఖ్యం. ఫైబర్‌గ్లాస్ పడవ లోపల నిలువునా దూలాల్లాంటివి ఉంటాయి, స్ట్రింగర్లు అంటారు. చెక్కలు వాటి కిందకు వస్తే బరువు నేరుగా దిగుతుంది. రెండు దూలాల మధ్య పల్చటి చోట వస్తే అడుగు పొంగుతుంది. దూలాలు బయటికి కనపడవు, కానీ నేల స్క్రూలు వరసగా ఏ గీత మీద ఉన్నాయో లోపల చూడండి. అడుగున వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్తే డొల్ల శబ్దం ఒక్కసారిగా గట్టిపడే చోటు తెలుస్తుంది. అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. అడుగున నిలువుగా పొడుచుకొచ్చిన గట్లు ఉంటే చెక్క వాటి మీద ఎక్కకూడదు, పక్కనే చదునులో ఉండాలి. లోతు చూపే సెన్సార్ వెనక తగిలించి ఉంటే దానికీ దారి వదలండి. నేనొకటి అలా నలిపేశాను, డబ్బులు నా జేబులోంచే పోయాయి.

మీ పాత పడవ అడుగు దాదాపు బల్లపరుపుగా ఉండి ఉంటుంది. ఫైబర్ పడవ అడుగు లోతైన వి ఆకారం. అందువల్ల వెన్ను, అంటే ఆ వి అడుగు కొస, ట్రైలర్ అడ్డ దూలాలకు తగిలే ప్రమాదం ఉంది. కొలవడం ఇలా: పడవను చెక్క దిమ్మెల మీద రసమట్టంతో సమంగా నిలిపాక, ట్రాన్సమ్ దగ్గర ఒకసారి, చెక్కల ముందు చివర వచ్చే చోట ఒకసారి, అడుగుకు అడ్డంగా అట్టముక్క ఆనించి ఆకారం కత్తిరించుకోండి. ఆ రెండు అట్టముక్కలు ట్రైలర్ మీద పెట్టి చూస్తే బ్రాకెట్ ఎంత ఎత్తుండాలో, చెక్క ఏ వాలులో తిరగాలో కళ్లముందు తేలిపోతుంది. వెన్నుకీ అడ్డ దూలానికీ మధ్య 4, 5 సెం.మీ. ఉంచండి. గతుకుల్లో చెక్కలు వంగుతాయి, ఆ జాగా అందుకే. అంతకన్నా ఎత్తు పెంచకండి. ఎత్తు పెరిగిన కొద్దీ మలుపుల్లో ఊపు పెరుగుతుంది, పడవ దించడానికి ఇంకా లోతుకు వెనక్కి వెళ్లాల్సి వస్తుంది.

పడవ దిమ్మెల మీద ఉన్నంతసేపూ ఒకటి గుర్తుంచుకోండి. జాకీ ఎత్తడానికే, నిలపడానికి కాదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి పడవ కిందికి ఎవరూ దూరకూడదు.

చెక్క రకం గురించి ఎక్కువ చెప్పను. చెదలు, చివుకు పట్టకుండా మందు పట్టించిన చెక్క ఫైబర్ పడవకు బాగానే పనిచేస్తుంది. ఆ మందులో రాగి ఉంటుంది, అల్యూమినియం పడవకైతే అది పడదు, లోహాన్ని తినేస్తుంది. బోల్టు తల చెక్కలోకి ఒక సెం.మీ. దిగేలా గుంట చేసి, మీద తివాచీ కప్పి, స్టెయిన్‌లెస్ పిన్నులు పక్కల నుంచి కొట్టండి. పైన ఒక్క పిన్ను కూడా ఉండకూడదు. బ్రాకెట్ బోల్టులు మొదట వేలి బిగువుతోనే వదిలేయండి. పడవ కూర్చున్నాక చెక్కలు తమంతట తామే అడుగు వాలుకు తిరుగుతాయి, అప్పుడు పానా వేయండి.

తివాచీ బదులు ఈ మధ్య నున్నటి ప్లాస్టిక్ పట్టీలు వేస్తున్నారు. పడవ ఎక్కించడం తేలికే. కానీ అలా పట్టీలు వేసిన ఒక పడవను దించేటప్పుడు పాత అలవాటు కొద్దీ ర్యాంపు మీద, నీళ్లకు ఇంకా నాలుగడుగులు ఉండగానే వించ్ హుక్కు తీసేశాను. తివాచీ మీద అయితే కదలని పడవ, సబ్బు జారినట్టు జారి సిమెంటు మీద కూర్చుంది. పలక అంచు పగిలింది. ఏ పట్టీ వేసినా వెనక భాగం తేలేదాకా హుక్కు ముట్టుకోవద్దు.

వించ్ స్తంభానికి వద్దాం. ట్రాన్సమ్ చెక్కల చివర కూర్చున్నాక పడవ ముక్కు ఎక్కడికి వస్తే స్తంభం అక్కడికి రావాలి. ముక్కు మీది ఇనుప కొక్కెం, ముందు రబ్బరు రోలరుకు కొంచెం కిందుగా ఉండాలి, అప్పుడు గట్టి బ్రేకు వేసినా పడవ రోలరు ఎక్కి ముందుకు దూకదు. వించ్ పట్టా కొక్కేన్ని దాదాపు నేరుగా లాగాలి, పైనుంచి కిందికి నొక్కేలా కాదు. 5.2 మీటర్ల పడవకు మీ డ్రాబార్ పొడుగు చాలకపోవచ్చు. అలాంటప్పుడు డ్రాబార్ మధ్యలో కోసి ముక్క పెట్టి వెల్డింగు చేయించడమే అందరికీ తోచే మొదటి ఆలోచన. అది మాత్రం చేయకండి. డ్రాబార్ పొడుగైన కొద్దీ దాని మొదట్లో వంపు భారం పెరుగుతుంది, సరిగ్గా అక్కడే మీరు కొత్త అతుకు పెడుతున్నారు. పొడుగూ మందమూ పెరిగిన ఒకే ముక్క డ్రాబార్ వేయించండి, మొదటి రెండు అడ్డ దూలాలకూ బోల్టులతో పట్టించండి.

వెల్డింగు మాట వచ్చింది కాబట్టి: జింకు పూత ఉన్న ఇనుము మీద పూత గీకకుండా వెల్డింగు చేస్తే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం పట్టుకుంటుంది. నాకు ఒకసారి పట్టింది, రెండోసారి పట్టనివ్వలేదు. సి-ఛానల్ (ఛాసిస్‌లోని సి ఆకారపు ఇనుప దూలం) పై అంచుకూ కింది అంచుకూ బెజ్జాలు వేయకండి, అడ్డంగా వెల్డింగు గీత కూడా గీయకండి. బరువు మోసేది ఆ అంచులే. బెజ్జం తప్పదంటే నిలువు ముఖం మధ్యలో వేసి జింకు పెయింటు పూయండి. నన్నడిగితే చుట్టూ బిగించే యూ బోల్టే మేలు.

ఇక యాక్సిల్. హుక్కు మీద ఎంత బరువు పడుతోందో తేల్చేది ఇదే. పడవ ట్రైలర్లకు మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం మధ్య ఉండాలి, నేను 7 దగ్గర ఆపుతాను. తక్కువైతే దారిలో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. మొదట చిన్నగా, వేగం పెరిగే కొద్దీ ప్రతి ఊపూ ముందటి దానికన్నా పెద్దదవుతూ, ఒక దశ దాటాక బండినే తిప్పేస్తుంది. ఎక్కువైతే బండి వెనక కూలబడి, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలికైపోతుంది. అయితే 7 శాతం అన్నంత మాత్రాన సరిపోదు. మీ బండి పుస్తకంలో హుక్కు మీద నిలువు బరువు పరిమితి రాసి ఉంటుంది, చాలా కార్లకు అది 75 కిలోలే. 1200లో 7 శాతం 84. అలాంటి బండైతే 6 శాతం దగ్గరే, 72 కిలోల దగ్గర, ఆగాలి.

కొలవడానికి ఇంట్లో బరువు చూసుకునే మిషను చాలు, అది 84 కిలోలను తట్టుకుంటుందో లేదో అనే భయమూ అక్కర్లేదు. గట్టి పలక ఒకటి తీసుకుని ఒక చివర ఇటుక మీద, రెండో చివర మిషను మీద పెట్టండి, రెండింటి మధ్య 90 సెం.మీ. దూరం. ఇటుక వైపు నుంచి 30 సెం.మీ. దగ్గర కప్లింగ్ బరువు పలక మీద దింపండి. మిషను చూపే అంకెను 3తో గుణిస్తే అసలు బరువు. ఉత్త పలక ఉన్నప్పుడు చూపిన అంకె ముందే తీసేయాలి. చక్రాలకు అడ్డు పెట్టాలి, కప్లింగ్ బండికి తగిలించినప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తులో ఉండాలి. ఎత్తు మారితే అంకె మారిపోతుంది.

మిషను 13.3 చూపిందనుకోండి, అంటే హుక్కు మీద 40 కిలోలే. కప్లింగ్ నుంచి యాక్సిల్ దాకా 450 సెం.మీ. అనుకుందాం. 40ని 1200తో భాగిస్తే 3.33 శాతం. 450లో అంత శాతం 15 సెం.మీ. అంటే మొత్తం బరువు కేంద్రం యాక్సిల్‌కు 15 సెం.మీ. ముందు, కప్లింగ్ నుంచి 435 దగ్గర ఉంది. హుక్కు మీద 7 శాతం రావాలంటే కప్లింగ్ నుంచి యాక్సిల్ దూరం 435ని 0.93తో భాగించినంత, దాదాపు 468 ఉండాలి. 18 సెం.మీ. వెనక్కి. యాక్సిల్, చక్రాలు కలిపి ఒక 100 కిలోలు కూడా వెనక్కి జరుగుతాయి కాబట్టి నిజానికి 19, 20 సెం.మీ. పడుతుంది. చూడండి, మూరెడు కూడా లేని జరుపుడు హుక్కు మీద బరువును రెట్టింపు చేసింది. పడవను ఉజ్జాయింపుగా ముందుకీ వెనక్కీ జరిపి చూద్దాం అనే పద్ధతి వద్దంటున్నది ఇందుకే. పడవ వెనక పలక చోటు ఖాయం, దాన్ని కదపకూడదు. కదిలేది యాక్సిలే.

యాక్సిల్‌ను మోసే కమాన్ కట్టల హ్యాంగర్లు ఛాసిస్‌కు బోల్టులతో ఉంటే ఒక పూట పని. వెల్డింగుతో ఉంటే ఈ ఒక్క పనికీ తెలిసిన ఫ్యాబ్రికేటర్ దగ్గరికి తీసుకెళ్లండి. మడ్‌గార్డులు, బ్రేకు కేబులు కూడా దానితో పాటు జరగాలన్నది మరిచిపోతుంటారు. జరిపాక కప్లింగ్ మధ్య నుంచి యాక్సిల్ ఎడమ చివరికీ కుడి చివరికీ స్టీలు టేపుతో కొలవండి. తేడా 3 మి.మీ. దాటితే ట్రైలర్ పీతలా పక్కకు నడుస్తుంది, టైర్లు ఒక వైపే అరుగుతాయి.

బ్రేకుల నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. యూరప్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ 750 కిలోల దగ్గరే గీత గీశారు, అది దాటితే ట్రైలర్‌కు సొంత బ్రేకు ఉండాలి. నియమం ఏదైనా 1200 కిలోలను బ్రేకు లేకుండా లాగడం నాకు నచ్చదు. ఇంత మార్పు చేశాక మీ దగ్గర మళ్లీ తనిఖీ చేయించాలా అన్నది రవాణా శాఖనూ బీమా వాళ్లనూ అడగండి. ఇంజను బయటికి పొడుచుకొస్తుంది కాబట్టి లైట్లు వెనక నుంచి కనపడుతున్నాయా అని పది అడుగులు వెనక్కి నడిచి చూడండి.

కట్టడం: వించ్ పట్టా లాగడానికే, కట్టడానికి కాదు. ముక్కు కొక్కెం నుంచి ట్రైలర్‌కు విడిగా ఒక గొలుసు, వెనక రెండు మూలల నుంచి రెండు రాచెట్ పట్టాలు. 165 కిలోల ఇంజనుకు ఊతకర్ర కూడా పెట్టండి.

మొదటి ప్రయాణం పది కిలోమీటర్లే, మెల్లగా, ఖాళీ దారిలో. ఆగి చేయి హబ్ దగ్గర పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉండొచ్చు, చేయి తీసేసేంత వేడి ఉంటే బేరింగు సంగతి చూడాలి. చక్రాల నట్లు, యూ బోల్టులు, బ్రాకెట్ బోల్టులు అన్నీ మళ్లీ బిగించండి. కొత్త చెక్క నలిగి సర్దుకుంటుంది కాబట్టి ఎంతో కొంత వదులవడం ఖాయం. ఇంటికొచ్చాక పడవ దించి తివాచీ చూడండి. చెక్క పొడవునా సమంగా అణిగి ఉండాలి. ఒక్క చోటే మెరుస్తూ నలిగి ఉంటే బరువంతా అక్కడ పడుతోందని అర్థం, ఆ పక్క బ్రాకెట్ అర సెం.మీ. దించి మళ్లీ చూడాలి.

ప్లేటు మీద అంకె, కాటా చీటీ, కప్లింగ్ నుంచి యాక్సిల్ దాకా దూరం, మిషను చూపిన బరువు: ఈ నాలుగూ చెప్పండి, యాక్సిల్ ఎంత జరపాలో లెక్క వేసి ఇస్తాను.